ఓదెలు ఎడమ చెంప

మాదాపూర్‌లో ఏ ఇంట్లోనైనా గోడ మీద వీరేశం తీసిన ఫోటో ఉంటే గడప దగ్గర్నుంచే గుర్తుపట్టవచ్చు. అందులోని మనుషులందరూ ఊపిరి బిగబట్టి ఉంటారు. భుజాలు ముందుకు వచ్చి, మెడ నిక్కి, కళ్లు కాస్త పెద్దవై, ఇంకో క్షణంలో బావిలో దూకబోతున్నట్టు కనిపిస్తారు. వాళ్ల పక్కనున్న బర్రె, మేక, కుక్క, కోడిపుంజు మాత్రం ఎప్పటిలాగే ఉంటాయి. వాటిచేత ఊపిరి బిగబట్టించే ఉపాయం వీరేశానికి ఇంతవరకూ దొరకలేదు.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. వీరేశం పట్నంలో ఒక సర్కారు దవాఖానలో ఎక్స్‌రేలు తీస్తాడు. 1999 నాటికే ఇరవై రెండేళ్లుగా రోజుకు యాభై మందికి తగ్గకుండా "ఊపిరి పీల్చు, ఆపు, విడువు" అని చెబుతూ వచ్చిన నోరు అది. ఆదివారం పూట కెమెరా ముందు నిలబడ్డ వాళ్లకూ అదే మంత్రం. ఒక్కోసారి "ఆపు" అన్న తర్వాత కెమెరా గొడవలో పడి "విడువు" అనడం మర్చిపోతాడు. అలా మర్చిపోయినప్పుడు మునిస్వామి అనే పాలవాడు మొహం కందగడ్డలా చేసుకుని, అయినా మర్యాద కోసం నిలబడే ఉన్నాడట.

కెమెరా రెండు కళ్ల పాత జపాన్ కెమెరా. పదవీ విరమణ చేసిన ఒక డాక్టరు 1986లో ఇచ్చిపోయాడు. దాన్ని కంటికి ఆనించుకోరు. పొట్ట దగ్గర పెట్టుకుని, పైనున్న మూత తెరిచి, లోపలి గాజులోకి తల వంచి చూస్తారు. ఇందులో ఒక సుఖం ఉంది. ఎదుటివాడికి తనను ఎవరో తేరిపార చూస్తున్నట్టు ఉండదు, తల వంచి దండం పెడుతున్నట్టు ఉంటుంది. మనుషులు బెదరరు. కుక్కలు అసలే బెదరవు. రోలుకు పన్నెండు ఫోటోలు. కడగడం, అచ్చు వేయడం అన్నీ ఇంట్లోని స్నానాలగదిలోనే. కాబట్టి ఆదివారం పొద్దున ఎనిమిదిలోపు నీళ్లు పోసుకోనివాళ్లు ఆ ఇంట్లో మధ్యాహ్నం దాకా ఆగాల్సిందే. ఆయన భార్య కనకలక్ష్మి ఈ విషయం ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ ముందే చెప్పి పెడుతుంది.

ఆ రోజుల్లో మాదాపూర్‌కు ఇంకో రకం ఫోటోగ్రాఫర్లు కూడా వచ్చేవాళ్లు. గుండ్రటి అద్దాల టవరు లేచి ఏడాది కాలేదు. దాని ముందు ఒక గొర్రెను నిలబెట్టి ఫోటో తీస్తే చాలు, కింద నాలుగు వాక్యాల దుఃఖం రాసి ఆదివారం అనుబంధంలో వేసుకోవచ్చు. కనుమరుగవుతున్న పల్లె, మిగిలిపోయిన మనిషి, ఆ వరస. వీరేశం పుట్టింది ఆ పల్లెలోనే, కానీ ఈ దుఃఖం ఆయనకు అంటలేదు. బస్సులు పెరిగాయి, నల్లా వచ్చింది, పై వాటాలోకి కోస్తా నుంచి వచ్చిన మర్యాదస్తులు కిరాయికి దిగారు. మరి ఎందుకు ఈ ఫోటోలు అని అడిగితే చాలాసేపు ఆలోచించి ఒకే మాట చెప్పాడు.

"దినమంతా బొక్కలే సూస్త గద. ఆదివారం నాడన్న మొగాలు సూడబుద్ధైతది."

ఇంతకన్నా మంచి కారణం నేను ఏ కళాకారుడి నోటా వినలేదు.

ఓదెలు సంగతి 1999 వేసవిలో జరిగింది. ఓదెలు రాళ్లు కొట్టేవాడు. మాదాపూర్‌లో ఇప్పుడు అద్దాల మేడలున్న చోట అప్పుడు ఏనుగులంతేసి గుండ్లు ఉండేవి. వాటిని పగలగొట్టిన వందలమందిలో అతనొకడు. వయసు నలభై నాలుగు, చూపుకు అరవై. రెండేళ్లుగా దగ్గు, ఆయాసం. ఎక్స్‌రే తీసింది వీరేశమే. ఊపిరితిత్తుల నిండా ఎవరో పిడికెడు ఉప్పు చల్లినట్టు తెల్లటి చుక్కలు. ఇగ రాయి ముట్టొద్దు, దుమ్ములో ఉండొద్దు అని డాక్టరు గట్టిగానే చెప్పాడు. రాయి ముట్టకపోతే ఏం చేయాలో డాక్టరు చెప్పలేదు, అది ఆయన పని కాదు.

టవరు పక్కన ఇంకో అద్దాల భవనం పూర్తి కావస్తోంది. దానికి వాచ్‌మెన్లు కావాలి. గేటు దగ్గర కుర్చీ, నెత్తిన నీడ, దుమ్ము లేదు. ఓదెలుకు ఆ కుర్చీ కావాలి. అది దొరక్కపోతే నార్సింగి అవతల క్వారీకి పోవాల్సిందే, అక్కడికి పోతే ఎన్నాళ్లుంటాడో అతనికీ తెలుసు, వీరేశానికి ఇంకా బాగా తెలుసు.

వాచ్‌మెన్లను ఎంచేది వెంకటరామయ్య అనే సూపర్‌వైజరు. గుంటూరు వైపు హెడ్ కానిస్టేబులుగా చేసి విరమించినాయన. పోలీసు పద్ధతిలోనే ఒక ఫారం తయారు చేయించాడు. పేరు, ఊరు, ఎత్తు, గుర్తుపట్టడానికి ఒంటి మీది మచ్చలు రెండు. దానికి తోడు మనిషి నిలువెత్తు కనిపించే ఒక పెద్ద ఫోటో. ఒళ్లు ఎలా ఉందో చూడాలి గదా అని. స్టూడియోకు వెళితే పది రోజులు ఆగమన్నారు. వీరేశం మాత్రం స్టూడియో మాట ఎత్తగానే మొహం ముడుచుకుని, ఆదివారం పొద్దున్నే రమ్మన్నాడు.

ఓదెలు వచ్చాడు. తెల్ల అంగీ వేసుకున్నాడు, తలకు నూనె రాసుకున్నాడు. వెనకాలే అతని కుక్క మోతి. గోధుమ రంగు, సన్నటి మూతి, ఏదో పోట్లాటలో కుడి చెవి సగం తెగి వేలాడుతూ ఉంటుంది.

"అన్నా, ఛాతీ జర నిండుగ కనబడాలె" అన్నాడు ఓదెలు. "దగ్గుతనని గా పోలీసాయనకు ఎర్కగావొద్దు."

దగ్గు ఫోటోలో పడదని వీరేశం ధైర్యం చెప్పాడు. ఇంటి వెనకున్న గుండు ముందు నిలబెట్టాడు. ఆయన ఫోటోలన్నింటికీ వెనక ఆ గుండైనా ఉంటుంది, దవాఖాన తెల్ల దుప్పటైనా ఉంటుంది. ఫోటోలో బోర్డులు, రాతలు ఉంటే ఆయనకు గిట్టదు. మొహం చూడాల్సిన కన్ను అక్షరాల వెంట పోతుందంటాడు.

ఊపిరి పీల్చు అన్నాడు. ఓదెలు పీల్చాడు. ఆపు అన్నాడు. ఒకటి, రెండు లెక్కపెట్టేలోపే దగ్గు. మళ్లీ పీల్చు, ఆపు, మళ్లీ దగ్గు. పదకొండు ఫోటోలు ఇలాగే పోయాయి. కొన్నింట్లో ఓదెలు వంగిపోయి ఉన్నాడు, ఒక దాంట్లో గుండు మాత్రమే ఉంది. మిగిలింది ఒక్కటి. ఓదెలు అలిసిపోయి, ఇగ చాలు అన్నట్టు ఊపిరి మొత్తం వదిలేసి, కాళ్ల దగ్గరికి వచ్చిన మోతి తల మీద చెయ్యి వేశాడు. ఆ ఒక్కసారి వీరేశం మంత్రం లేకుండానే మీట నొక్కాడు.

అచ్చు వేసిన కాగితం ఆరేసినప్పుడు కనకలక్ష్మి తడి చేతులతోనే వచ్చి చూసింది. ఇది నువ్వు తీసిందేనా అని అడిగింది. పదమూడేళ్లలో ఆయన తీసిన వాటిలో మనిషి మామూలుగా ఊపిరి తీస్తున్న మొదటి ఫోటో అది. ఒళ్లు సన్నంగానే ఉంది, దాచడానికి ఏమీ మిగల్లేదు, అయినా ఆ నిలబడ్డ తీరులో ఒక నిబ్బరం ఉంది. గేటు దగ్గర అలాంటి మనిషిని పెట్టుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది.

ఓదెలు మాత్రం ఫోటోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"నేను మంచిగనే ఉన్న" అన్నాడు. "మోతి ఏందన్నా గిట్లుంది?"

"ఎట్లుంది?"

"ఏమో. మోతి లెక్క లేదు. దీని అక్కచెల్లె లెక్క ఉంది."

వీరేశం నవ్వాడు. కుక్కలకు ఫోటోలో నిలబడటం రాదనీ, ఫోటో ఎన్నడూ అబద్ధమాడదనీ చెప్పి పంపించాడు. ఈ రెండో మాట ఎక్స్‌రే గదిలో చాలాకాలం పనిచేసిన వాళ్లందరికీ వేదవాక్యమే.

ఫారం నింపే బాధ్యత పై వాటాలోని చలపతిరావు గారు తీసుకున్నారు. ఆయన సచివాలయంలో సూపరింటెండెంటు. ఖాళీ ఫారం చూస్తే కొంతమందికి భయం వేస్తుంది, ఆయనకు ఆకలి వేస్తుంది. ఓదెలును ఎదురుగా కూర్చోబెట్టుకుని, కళ్లజోడు సర్దుకుని, ఒంటి మీది గుర్తులన్నీ వెతికి మరీ రాశారు. మొదటిది: ఎడమ చెంపపై, కంటి కింద నుంచి దవడ దాకా పాత గాటు. పంతొమ్మిదో ఏట రాతి పెచ్చు ఎగిరి తగిలిందది. రెండోది: కుడి మోకాలి కింద పుట్టుమచ్చ.

గురువారం ఓదెలు ఫారం, ఫోటో పట్టుకుని వెళ్లాడు. గంటలో తిరిగొచ్చాడు. వెంకటరామయ్య ఫారం చదివి, ఫోటో చూసి, అతని మొహం చూసి, మళ్లీ ఫోటో చూసి, రెండూ వెనక్కి ఇచ్చేశాడట. ఫారంలో గాటు ఎడమ చెంప మీద ఉంది, ఫోటోలో కుడి చెంప మీద ఉంది. ఫోటో ఒకడిది, మనిషి ఇంకొకడు. అన్న పేరు మీద తమ్ముడు డ్యూటీకి రావడం లాంటివి ముప్పై ఏళ్లుగా చూస్తున్నాననీ, సోమవారంలోపు సరైన కాగితాలతో అసలు మనిషి రాకపోతే పేరు కొట్టేస్తాననీ చెప్పాడట. తానే అసలు మనిషినని ఓదెలు చెప్పబోయేసరికి దగ్గు వచ్చింది. దగ్గుకు భయపడి బయటికి వచ్చేశాడు.

ఆ సాయంత్రం వీరేశం ఇంటి వరండాలో పెద్ద పంచాయితీ జరిగింది. తప్పు చలపతిరావు గారిదని వీరేశం. ఎదురుగా కూర్చున్న మనిషి ఎడమ మనకు కుడి దిక్కు ఉంటుంది, ఆయన అక్కడే తికమక పడి ఉంటారని వాదన. సచివాలయంలో ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఒక్క ఫారం కూడా వెనక్కి రాని మనిషికి ఈ మాట ఎంత గుచ్చుకుంటుందో ఊహించుకోవచ్చు.

"నాకు కుడీ ఎడమా తెలియవంటారా వీరేశం గారూ?" అన్నారు చలపతిరావు గారు, గొంతు పెంచకుండానే.

"మీకు దెల్వదని నేనెందుకంట సార్. ఫోటోకైతే దెలుసు గద."

ఇద్దరూ ఫోటో మీదికీ ఫారం మీదికీ వంగి అరగంట వాదించుకున్నారు. ఓదెలు మెట్ల మీద కూర్చునే ఉన్నాడు. అతని చెంప చూడాలని మాత్రం ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు. ఇది చదువుకున్న వాళ్లకు మాత్రమే వచ్చే జబ్బు.

చాయ్ తెచ్చిన కనకలక్ష్మి గిన్నె అక్కడ పెట్టి, ఓదెలు గడ్డం పట్టుకుని మొహం వెలుతురు వైపు తిప్పింది. "ఎడమ దిక్కే ఉంది" అంది. "మనిషిని ముంగట పెట్టుకొని కాగితాల ఎతుకుతున్నరేంది మీరిద్దరు?"

చలపతిరావు గారు చాయ్ అందుకున్నారు. ఆ చాయ్ ఆయన ఎంత తృప్తిగా తాగారో కనకలక్ష్మి ఇప్పటికీ అభినయించి చూపిస్తుంది.

వీరేశం లోపలికి వెళ్లి నెగెటివ్ తెచ్చాడు. బల్బుకు ఎదురుగా పట్టుకున్నాడు. గాటు కుడి చెంప మీద. తిప్పి పట్టుకున్నాడు. గాటు ఎడమ చెంప మీద. మళ్లీ తిప్పాడు. చాలాసేపు అలా తిప్పుతూ నిలబడ్డాడు. ఆ తర్వాత ఆయనకు అర్థమైంది, మిగతావాళ్లకు చెప్పడానికి ఇంకో పావుగంట పట్టింది.

కెమెరా ఫిల్ముకు మందు పూత ఒక వైపే ఉంటుంది. ఒక వైపు మసకగా, ఒక వైపు మెరుపుగా ఉంటుంది. మసక వైపు కిందికి పెట్టి అచ్చు వేయాలి. పైకి పెడితే బొమ్మ అద్దంలో చూసినట్టు తారుమారవుతుంది. ఫోటో నేర్చుకునే వాళ్లకు మొదటి రోజే చెప్పే పాఠం ఇది. కానీ వీరేశం చేతులు నేర్చుకున్నది ఎక్స్‌రే ఫిల్ము మీద. దానికి మందు రెండు వైపులా ఉంటుంది. దానికి తప్పు వైపు అంటూ లేదు. ఏ వైపు నుంచి చూసినా ఒకటే, అందుకే కుడి ఎడమలు తెలియడానికి రోగి పక్కన ఒక సీసపు అక్షరం పెట్టి మరీ తీస్తారు. ఇరవై రెండేళ్లుగా ఏ వైపు వస్తే ఆ వైపుగా ఫిల్మును ఎత్తి పెట్టిన చేతులు ఇంటికొచ్చాక కూడా అలాగే పెట్టాయి. ఒకసారి సరిగ్గా పడింది, ఒకసారి తిరగబడింది. పదమూడేళ్లు.

మరి ఇన్నాళ్లూ తెలియకపోవడం ఎలా? నాకు అసలు ఆసక్తి ఇక్కడే. వీరేశం సగం సమాధానం వెంటనే చెప్పాడు. ఆయన కెమెరా గాజులో బొమ్మ కనిపించేదే కుడి ఎడమలు తారుమారై. కాబట్టి తిరగబడ్డ ఫోటోనే ఆయన జ్ఞాపకానికి సరిపోయేది, సరిగ్గా వచ్చిన ఫోటో చూస్తేనే ఏదో తేడాగా ఉందనిపించేదట. ఇంకా అక్షరాలంటే గిట్టక బోర్డులు దగ్గరికి రానివ్వలేదు. ఒక్క దుకాణం పేరు వెనకాల ఉన్నా మొదటి ఏడాదే బయటపడేది. ఇక ఆడవాళ్ల చీర కొంగు ఏ భుజం మీద ఉందో చూసి కనుక్కోవచ్చు కదా అనుకుంటే, ఫోటో అనగానే వాళ్లందరూ కొంగు రెండు భుజాల చుట్టూ నిండుగా కప్పుకుని నిలబడేవాళ్లు.

మిగతా సగం సమాధానం ఓదెలు మెట్ల మీది నుంచి చెప్పాడు.

"నా మొగం నేను సూస్కునేది అద్దంలనే గదన్నా. ఫోటోల గట్లనే ఉండె. మోతిని నేను అద్దంల సూడలే."

అంతే. తిరగబడ్డ ఫోటోలో ఎవరి మొహం వాళ్లకు సరిగ్గా ఉంటుంది, రోజూ అద్దంలో చూసే మొహమే కాబట్టి. వీరేశం ఫోటోల్లో మేం మాలాగే ఉంటాం అని ఊరంతా మెచ్చుకున్న మెప్పులో సగం ఈ పొరపాటుకే చెందాలి. పశువులకు అద్దాలు లేవు. వాటి యజమానులు వాటిని నేరుగా చూస్తారు. ఆ మాట విన్నాక వీరేశానికి ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. రామచంద్రం తన బర్రె ఫోటో చూసి ఇది మా బర్రె కాదని వారం రోజులు గొడవ పెట్టుకున్నాడు. దాని తెల్ల మచ్చ మీద ప్రమాణం కూడా చేశాడు. ఊళ్లో అందరూ అతనికి కల్లు ఎక్కువైందన్నారు. ఇప్పుడు చూస్తే ఊరందరిలోకీ తెలివితో మాట్లాడింది అతనొక్కడే.

కానీ సోమవారం దగ్గర పడుతోంది. అదే నెగెటివ్‌ను సరైన వైపు పెట్టి ఆదివారం ఇంకో ఫోటో అచ్చు వేశాడు వీరేశం. వేస్తూ వేస్తూ మూడుసార్లు వేలితో తడిమి చూసుకున్నాడట. సోమవారం పొద్దున దవాఖానకు సెలవు పెట్టి ఓదెలును స్కూటరు మీద ఎక్కించుకుని వెళ్లాడు. చలపతిరావు గారు ఆఫీసుకు ఆలస్యమైనా ఫరవాలేదని తమ స్కూటరు మీద వెనకాలే వెళ్లారు. తమ ఫారం గౌరవం దక్కడం కళ్లారా చూడాలి గదా.

వెంకటరామయ్య భవనం ముందు రేకుల షెడ్డులో కూర్చుని ఉన్నాడు. రెండు ఫోటోలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. ఆయన అనుమానం తగ్గకపోగా రెట్టింపైంది. మొన్న కుడి చెంప, ఇవాళ ఎడమ చెంప. అవసరాన్ని బట్టి గాటును అటూ ఇటూ మార్చగలిగిన మనుషులు రేపు గేటు పాసుల్ని మాత్రం మార్చరా అన్నాడు. ముప్పై ఏళ్ల పోలీసు ఉద్యోగం చేసినవాడికి అది న్యాయమైన ప్రశ్నే. వీరేశం మందు పూత, మసక వైపు అంటూ మొదలుపెట్టాడు. ఎక్స్‌రే దాకా వచ్చేసరికి వెంకటరామయ్య కళ్లు కిటికీ వైపు వెళ్లిపోయాయి.

అప్పుడు వీరేశం మొదటి ఫోటో తీసుకుని షెడ్డు బయటికి నడిచాడు. వెంకటరామయ్యను రమ్మన్నాడు. స్కూటరు హ్యాండిల్‌కున్న అద్దం ముందు ఆ ఫోటో పట్టుకుని, అద్దంలో చూడమన్నాడు. వెంకటరామయ్య వంగి చూశాడు. తర్వాత రెండో ఫోటోను అద్దం పక్కన పెట్టి చూశాడు. గాటు, కుక్క తెగిన చెవి, ఓదెలు చెయ్యి, అన్నీ ఒకటే. తర్వాత ఫోటోలు రెండూ పక్కన పెట్టి తన మొహమే ఆ అద్దంలో చూసుకున్నాడు. పాపిడి ఏ వైపు ఉందో చేత్తో తడిమి చూసుకున్నాడు. నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"అయితే నన్ను ఊరంతా చూసేది నేను చూసుకునే మొహం కాదన్నమాట" అన్నాడు మెల్లగా.

అక్కడితో ఫోటో గొడవ తీరింది. ఓదెలు ఆనందంతో ఏదో చెప్పబోయాడు, దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. షెడ్డు స్తంభం పట్టుకుని, రెండు నిమిషాలు దగ్గాడు. అందరూ అతని వైపే చూస్తున్నారు. వెంకటరామయ్య ఓదెలును అడగలేదు, వీరేశం వైపు తిరిగాడు.

"మీరు దవాఖానలో పనిచేస్తారు గదా. ఇతని ఛాతీ లోపల ఎలా ఉందో మీకు తెలుసా?"

వీరేశానికి తెలుసు. ఆ ఫిల్ము ఆయనే తీశాడు, ఆయనే కడిగాడు, ఆయనే వెలుతురుకు పట్టుకుని చూశాడు. ఓదెలు స్తంభం పట్టుకున్న చెయ్యి తీయకుండా ఆయన్నే చూస్తున్నాడు. అబద్ధం చెప్పి గట్టెక్కించవచ్చు. కానీ పదమూడేళ్లుగా తాను పంచినవాటిలో ఎన్నో తిరగబడ్డ మొహాలని తెలిసి నాలుగు రోజులే అయింది.

"తెలుసు సార్" అన్నాడు. "రాళ్ల దుమ్ము పట్టింది. మల్ల రాళ్లల్లకు పోతే బతకడు. దుమ్ము లేని తాన కూసుంటే శానేండ్లు ఉంటడు."

చలపతిరావు గారు కళ్లజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు. వెంకటరామయ్య ఫారం చేతిలోకి తీసుకుని మళ్లీ మొదటి నుంచి చివరి దాకా చదివాడు.

"రాత్రిళ్లు కూడా ఇలాగే దగ్గుతావా?" అని ఓదెలును అడిగాడు.

"దగ్గుత సార్" అన్నాడు ఓదెలు, ఇక దాచడానికి ఏమీ లేదని తేలిపోయాక. "ఒక్కపారి మొదలైతే తెల్లారేదాంక నిద్ర వట్టది."

వెంకటరామయ్య జేబులోంచి కలం తీశాడు.

"నాకు ఎనిమిది మంది వాచ్‌మెన్లున్నారు. ఎనిమిది మందీ రాత్రి పదకొండు దాటితే గురక. నిద్రపట్టని వాణ్ణి ఇన్నాళ్లకు చూశాను. రాత్రి డ్యూటీ నెల, పగలు డ్యూటీ నెల. సరేనా?"

కరుణ, దయ లాంటి మాటలు ఇక్కడ వాడడం వెంకటరామయ్యకు అన్యాయం చేసినట్టవుతుంది. ఆయన తన పనికి కావలసిన మనిషిని ఎంచుకున్నాడు. ఓదెలుకు కావలసిన కుర్చీ దొరికింది. కుక్క సంగతి ఏమిటని ఓదెలు అడిగితే, ఫోటోలో ఎంత దగ్గరగా ఉందో గేటు దగ్గర కూడా ఓదెలుకు అంత దగ్గరగానే ఉంటే తనకు అభ్యంతరం లేదన్నాడు.

ఆ తర్వాత వీరేశం రెండు నెలల పాటు తిరగబడ్డ ఫోటోల జాబితా వేసుకుని ఇల్లిల్లూ తిరిగాడు. సరిచేసి ఇస్తానన్నాడు. రామచంద్రం బర్రె ఫోటో మొదటిది. దాన్ని అతను పండగలా పట్టుకెళ్లి కల్లు దుకాణంలో అందరికీ పేరుపేరునా చూపించాడు. మనుషుల సంగతి వేరు. ముప్పై ఒక్క ఇళ్లలో ఇరవై ఏడు ఇళ్ల వాళ్లు వద్దన్నారు. జయలక్ష్మి అనే ఆవిడ సరిచేసిన ఫోటోలో తన ముక్కుపుడక వైపు చూసి, ఇది మా చెల్లెలి మొగం, నాది నాకు ఇచ్చెయ్ అని పాతదే లాక్కుంది. నిజం ముందుకొస్తే మనుషులు చేతులు చాచి తీసుకుంటారని నమ్మేవాళ్లు ఒక ఆదివారం ఆయన వెంట తిరిగి చూస్తే బాగుండేది.

ఓదెలుకు రెండు అచ్చులూ మిగిలాయి. ఒక దాంట్లో తాను సరిగ్గా ఉన్నాడు, మోతి తప్పు. ఇంకో దాంట్లో మోతి సరిగ్గా ఉంది, తాను ఎవరో కొత్తవాడు. ఏది గోడకు తగిలిస్తావని వీరేశం అడిగితే మోతిదే అన్నాడు. తనను చూసుకోవాలంటే గడ్డం గీసుకునే అద్దం ఎటూ ఉందన్నాడు.

ఇప్పుడు పగటి డ్యూటీ నెలల్లో అతను ఆ అద్దాల భవనం గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో కనిపిస్తాడు. దగ్గు పూర్తిగా పోలేదు, తగ్గింది. లోపలికి వెళ్లే ప్రతి మెడలోనూ ఒక ఫోటో వేలాడుతూ ఉంటుంది. ఓదెలుకు చదువు రాదు కాబట్టి పేర్లతో పని లేదు. మొహాల మీద కూడా అతనికి పెద్ద నమ్మకం లేదు. అతను చూసేది మచ్చలు, గాట్లు, అవి ఏ వైపున్నాయో అంతే.

మొన్న శ్యామ్ అనే ఇంజనీరు తిరుపతి వెళ్లి గుండు చేయించుకుని, మీసం కూడా తీయించుకుని వచ్చాడు. కార్డులో ఒత్తు జుట్టు, గుబురు మీసం. గేటు దగ్గర ఇంకో వాచ్‌మెన్ పోనివ్వలేదు. ఫోన్లు చేయాలన్నాడు, మేనేజరును పిలవాలన్నాడు. శ్యామ్ ఇంగ్లీషులో కోప్పడుతున్నాడు, వెనకాల వరుస పెరుగుతోంది. ఓదెలు కుర్చీలోంచి లేచి వచ్చి కార్డు చేతిలోకి తీసుకున్నాడు.

"సారు, గదుమ జర పైకెత్తుండ్రి."

శ్యామ్ గడ్డం ఎత్తాడు. ఓదెలు వంగి చూశాడు. గడ్డం కింద కందిగింజంత పుట్టుమచ్చ. కార్డు మీద వేలు పెట్టి మళ్లీ ఒకసారి సరిచూసుకున్నాడు.

"కుడి దిక్కే ఉంది. పోండ్రి సార్" అని కార్డు ఇచ్చేసి, వెనకున్న మనిషి మెడలోని కార్డు కోసం చెయ్యి చాచాడు.